కుండ కింద కన్ను

హాస్టలు వంటింటి వెనక ఒక కుక్క దూది నములుతోంది.

అది ఏ దూదో బిందుమాధవికి వెంటనే తట్టలేదు. తట్టాక, పొద్దున ఘాట్ రోడ్డు కింద తిన్న ఇడ్లీ గొంతు దాకా వచ్చి, ఏమనుకుందో ఏమో మళ్లీ దిగిపోయింది. కళ్లకి కట్టిన కట్లు. ఎండి, పచ్చగా చారలు కట్టి, అరటి మొక్కల మొదట్లో కుప్పగా పడున్నాయి. చీమలు కూడా వాటి చుట్టూ తిరిగి పోతున్నాయే తప్ప ముట్టుకోవడం లేదు.

"కాల్చీమన్నారు మేడమ్," అన్నాడు హాస్టలు వంటమనిషి ఫల్గుణ, లుంగీ ఎగ్గట్టుకుంటూ. "కిరసనాయిలు ఇస్తామన్నారు. ఇచ్చేరు కాదు."

"కుక్కనైనా తోలొచ్చు కదా?"

"తోల్తే మళ్లీ వస్తంది. మరిగిపోనాది."

బిందు రెండు పుల్లలతో ఒక కట్టు ఎత్తి ప్లాస్టిక్ సంచీలో వేసుకుంది. ఇలాంటి పనులు చేస్తున్నందుకే వాళ్ల పెదనాన్న పెళ్లిళ్లలో కనిపిస్తే మొహం తిప్పుకుంటాడు. ప్లాస్టిక్ ఇంజినీరింగ్ చదివిన పిల్ల శుభ్రంగా బకెట్ల కంపెనీలో చేరక, విశాఖపట్నంలో డిటెక్టివ్ ఏజెన్సీలో చేరడమేమిటని ఆయన బాధ. ఈ కుప్ప ముందు నిలబడితే ఆయన మాటలోనూ కొంత న్యాయం ఉందనిపించింది.

కేసు చిన్నదే, రోతే పెద్దది. మూడు వారాల కిందట అనంతగిరి కొండల్లోని ఈ గిరిజన హాస్టల్లో మసాలాల వ్యాపారి ధర్మతేజ నడిపే ట్రస్టు కంటి శిబిరం పెట్టింది. శుక్లాలు తీసి, వాటి స్థానంలో ప్లాస్టిక్ లెన్సులు పెట్టారు. ఇరవై మందికి చేస్తే సగానికి పైగా జనానికి ఆ కన్ను పోయింది. దానికి పరిహారంగా ట్రస్టు ఏం చేస్తోందయ్యా అంటే, రెండో కన్ను కూడా ఫ్రీగా చేస్తోంది. పొద్దున్నే జీపు వచ్చి, సోంబరు అనే ముసలాయన్నీ ఇంకొందర్నీ అరకులో ట్రస్టు ఆసుపత్రికి ఎక్కించుకుపోయింది. ఆపరేషన్లు మధ్యాహ్నం రెండింటికి. ఉన్న ఒక్క కన్నూ పోతే సోంబరుకి ఇక చీకటే.

రోగుల తరఫున లాయరు గాయత్రి అధికారుల దగ్గరికి వెళ్తే, "దాతల్ని ఇబ్బంది పెట్టకండమ్మా, లెన్సు చెడ్డదని రుజువు పట్రండి, అప్పుడు ఆపుదాం" అన్నారు. ఆ రుజువు కోసమే ఆవిడ బిందుని పెట్టుకుంది. అదేమో ఉన్నది రోగుల కళ్ల లోపల. తవ్వి తీసుకురావడానికి అదేమైనా అల్లం ముక్కా?

భోజనాల హాలే అప్పుడు ఆపరేషన్ థియేటరు. గోడ మీద వారానికి రెండు గుడ్లు అని రాసుంది. మూల ఉన్న డ్రమ్ములో నీళ్లతోనే డాక్టర్లు చేతులు కడుక్కున్నారని ఫల్గుణ చెప్పాడు. బిందు మూత తీసి లోపలికి చూసి, మళ్లీ పెట్టేసింది. అందులో ఏదో ఈదుతోంది.

"ఆ రాత్రి ఇక్కడెవరున్నారు?"

"నానే మేడమ్. డాక్టర్లిద్దరూ సాయంత్రమే కొండ దిగిపోనారు. ఈ హాల్లోనే సాపలేసి అందర్నీ పడుకోబెట్టేం. గంజి కాసి తెచ్చేసరికి సోంబరు తాత గోడకి తల కొట్టుకుంటన్నాడు. కంట్లో నిప్పెట్టినట్టుందిరా అని."

"కట్టు ఎప్పుడు విప్పారు?"

"తెల్లారేక, నర్సమ్మొచ్చి."

"అంటే కట్టు ఉండగానే మంట మొదలైంది."

"ఒక్కలికి కాదు మేడమ్. ఒకలి తరవాత ఒకలు. వానాకాలం కప్పలు అరిసినట్టు."

బిందు ఆ డ్రమ్ము వైపు మళ్లీ చూసింది. నీళ్లలో క్రిమి అయితే చీము పట్టడానికి రెండు మూడు రోజులైనా పడుతుంది. అదీగాక విశాఖ ల్యాబులో ఆ కళ్ల రసికి ఏ క్రిమీ పెరగలేదు. అదే రాత్రి, ఇంతమందికి ఒకేసారి అంటే క్రిమి పని కాదు. రసాయనం పని.

"గుడ్ మార్నింగ్, డిటెక్టివ్ పాపగారూ!"

గుమ్మంలో వరహాలరావు. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు ధర్మతేజకి సెక్యూరిటీ సలహాదారు. ఒక చేతిలో విస్తరాకు, అందులో పనస తొనలు, వాటి మీద ఈగలు. ఈగల్ని తోలకుండానే ఒక తొన నోట్లో వేసుకుని, జిగురు చేతిని గుమ్మం తెరకి తుడిచాడు. బెల్టుకి సెల్‌ఫోను వేలాడుతోంది. సిగ్నలు లేని ఈ కొండల్లో అది తాళంచెవుల గుత్తి కన్నా పనికిరాదు.

"నీ కేసు నాను సాల్వ్ సేసీసేను," అని జేబులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ రసం. "సోంబరు ఇంట్లో దొరికింది. ఆకు పసరు. కొండోళ్లు కదా, కన్నైనా పుండైనా పసరే. డాక్టర్లు సక్కగా సేస్తే ఈళ్లు పోసుకుని పాడుసేసుకున్నారు."

"ఎప్పుడు పోశారండీ?"

"ఎప్పుడో పోసేరు."

"పాతికేళ్లు పోలీసుగా చేశారు. ఎఫ్ఐఆర్‌లో కూడా 'ఎప్పుడో' అని రాసేవారా?"

"అవసరమైతే రాసీవోణ్ణి." పెద్దగా నవ్వాడు. పళ్ల సందుల్లో పనస పీచు.

"వాళ్లు ఇంటికి వెళ్లింది మూడో రోజు. పసరు పోసుకుంది ఆ తర్వాత, కన్ను కనపడక. మంట మొదటి రాత్రే మొదలైంది, కట్టు విప్పకముందు. కాలాక రాసిన మందే కాల్చిందంటారా సార్?"

వరహాలరావు నవ్వు కొంచెం తగ్గింది. "అయితే డాక్టరు సెయ్యి బాగోనేదు."

"ఇద్దరు డాక్టర్లు చేశారు. ఇద్దరు చేసినవాళ్లకీ పోయాయి. ఆ ఇద్దరి చేతుల్లోంచీ ఆ కళ్లలోకి పోయింది ఒక్కటే, లెన్సు."

"ప్లాస్టిక్కేటి సేస్తాదే? ఇది సూడు." పెదవి పైకెత్తి పక్క పన్ను చూపించాడు. "ఇదీ ప్లాస్టిక్కే. పదేళ్లైంది. సచ్చేనా?"

బిందు ఆ పన్ను వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది. "మంచి ప్లాస్టిక్ ఏమీ చెయ్యదు. యాభై ఏళ్లుగా జనం కళ్లలో హాయిగా ఉంది. మీరు పెట్టింది మంచిదో కాదో చూడటానికి ఒక్కటివ్వండి."

"మిగిలినయ్యన్నీ ఆ మర్నాడే రిటర్న్ పంపీసేం. రూలు." ఇంకో తొన నోట్లో పడింది. "లెన్సు నేకపోతే నీ కేసు నేదు. టీ తాగెల్లిపో తల్లీ."

బిందు కిందకి చూసింది. నేల పగుళ్లలో ఏవో మెరుస్తున్నాయి. వంగి ఒకటి తీసింది. పిన్నీసు. పక్కనే ఇంకొకటి. గోడ వారన నాలుగైదు.

"ఇన్ని పిన్నీసులేంటి ఫల్గుణా?"

"పేర్ల గోల మేడమ్." ఫల్గుణ తల గోక్కున్నాడు. "మాకు సోమారం పుడితే సోంబరు, మంగళారం పుడితే మంగ్లు. లైన్లో సోంబర్లే నలుగురు. ఒక సోంబరు నంబరు లెన్సు ఇంకో సోంబరు పేరున రాసీబోయేరు. డాక్టరు బాబుకి కోపమొచ్చి, ఎవలి లెన్సు కవరు ఆలి బట్టకే పిన్నెట్టీమన్నాడు. ఆపరేసన్ల ముందు రేత్రే పెట్టీసేరు. ఆటితోనే పడుకున్నారు అందరూ."

కంట్లో పెట్టే వస్తువుని చెమట చొక్కాకి తుప్పు పిన్నీసుతో గుచ్చి పడుకోబెట్టారు. బిందుకి ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు సగంలో ఆగిపోయింది. ముందు రాత్రే అంటే, కవరు రోగి దగ్గరే ఉంది.

"ఆపరేషన్ చేయించుకోకుండా వెళ్లిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఫల్గుణ వరహాలరావు వైపు చూశాడు. వరహాలరావు నమలడం ఆపాడు.

"సోములమ్మని ఒకర్తుంది మేడమ్," అన్నాడు ఫల్గుణ నెమ్మదిగా. "తెల్లారీసరికి సాప మీద నేదు."

సోములమ్మ ఊరికి జీపు పోదు. కాఫీ తోటల్లోంచి నడవాలి. బిందు ముందు, వెనక బూట్లు జారుతూ, ఆయాసపడుతూ, మధ్యమధ్య ట్రస్టు పరువు గురించి అరుస్తూ వరహాలరావు. ఆయన్ని వెనక్కి పంపే ఉపాయమేదీ బిందుకి తోచలేదు. సరే, సాక్ష్యానికి పనికొస్తాడనుకుంది.

సోములమ్మ వాళ్లని దూరం నుంచే చూసి ఇంట్లోకి దూరి తలుపేసుకుంది.

"నాను రాను! నా కన్ను నాకుంది. ఎల్లిపొండి!"

"నీ కన్ను ఎవరికీ వద్దమ్మా," అంది బిందు తలుపు దగ్గర కూర్చుని. "నీ కోకకి పిన్ను పెట్టిన కవరు, అది ఉందా?"

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ముందు కొడవలి వచ్చింది, తర్వాత మొహం. ఒక కన్ను శుక్లంతో తెల్లగా ఉంది. రెండోది బిందుని పై నుంచి కిందకి కొలిచింది.

"దాన్ని నువ్వు సంపుతావా?"

"దేన్ని?"

"పురుగుని."

పెరట్లోకి తీసుకెళ్లింది. గుమ్మడి పాదు పక్కన ఒక మట్టికుండ బోర్లించి ఉంది. దాని మీద రోలు అంత రాయి.

"ఆ రేత్రి దీపం దగ్గర సూసినాను. గుండ్రటి ఒళ్లు. వంకర కాళ్లు రెండు. తల నేదు. దీన్ని కంట్లో ఎడతారంటే నానెందుకుంటాను? సోంబరుకి సెప్పినాను, ఒరే, అది లోపల తిరుగుతాదిరా అని. ఇన్నాడు కాదు. పారేస్తే మేకలు తింతాయని ఇక్కడెట్టినాను. ఇన్నాళ్లూ తిండి నేదు. సచ్చిందో నేదో."

వరహాలరావు కడుపు పట్టుకుని నవ్వాడు. బిందుకి నవ్వు రాలేదు. లెన్సుకి అటూ ఇటూ సన్నటి వంపు తీగలు రెండుంటాయి, కంట్లో కదలకుండా పట్టి ఉంచడానికి. సోములమ్మ చూసింది చూసినట్టే చెప్పింది. పైగా ఆ శిబిరంలో కన్ను దక్కించుకున్న కొద్దిమందిలో ఈవిడొకర్తె.

రాయి దొర్లించి కుండ ఎత్తింది. కింద చెమ్మ, రెండు జెర్రులు, వాటి మధ్య అరచేతిలో సగం ఉండే కవరు. ఒక వైపు కాగితం, ఒక వైపు ప్లాస్టిక్. పిన్నీసు గుచ్చింది సీలుకి బయట అంచుకే, సీలు చెక్కుచెదరలేదు. బిందు దాన్ని కాగితం వైపు పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుంది.

వరహాలరావు దగ్గరకొచ్చాడు. "అదేం నేదమ్మా, బెటాడిన్ మరక. ఆసుపత్రిలో గోడలక్కూడా ఉంటాది." చెయ్యి చాపాడు. "ఇలాగివ్వు, ట్రస్టు ఆస్తి."

"ముట్టుకోకండి సార్. మీ చేతికి పనస జిగురుంది."

కవరు తిప్పి ఎండకి పట్టుకుంది. ప్లాస్టిక్ వైపు నుంచి చూస్తే, రెండు పొరలు అతికిన చోట, లోపల, సన్నటి పచ్చటి పొడి. ఒక మూలకి చిటికెడు చేరుకుని ఉంది.

"సోములమ్మా, పొగాకులోకి సున్నం ఉందా?"

"ఉంటాది. నమలతావా?"

"లేదు, దీనికి తినిపిస్తాను."

ఇద్దరూ చూస్తుండగా ఆ పచ్చమూలని చిన్న కత్తెరతో కత్తిరించి, రాయి మీద పెట్టి, తడిపిన సున్నం వేలికొసతో తాకించింది. పచ్చది నారింజ రంగయ్యింది. చూస్తుండగానే పెళ్లికూతురి పాదాలకి పెట్టే పారాణిలా ఎర్రబడింది.

"బెటాడిన్ అయితే సున్నం తగిలితే రంగు పోవాలి. ఇది పసుపు. కూరలో వేసే పసుపు."

"ఈ ముసిల్దే రాసీసుంటాది!"

"నానా?" సోములమ్మ కొడవలి ఎత్తింది. "దాన్ని సేత్తో ముట్టుకుంటానా నాను? కర్రతో నూకినాను!"

"రాసినా బయట అంటుకుంటుంది సార్. ఇది సీలు లోపల ఉంది. కవరు అతికించిన బల్ల మీదే పసుపుంది." బిందు కవరుని మళ్లీ ఎండకి ఎత్తింది. చెప్తూంటేనే నాలుక మీద ఏదో పాడు రుచి. "నిన్న మీ ధర్మతేజ గారి మసాలా ఫ్యాక్టరీకి వెళ్లాను. పైదేశాలకి పంపే మిరియాలకీ పసుపుకీ పురుగు పట్టకుండా గ్యాసు పట్టిస్తామని, గ్యాసు గది గొప్పగా చూపించారు. ఎథిలీన్ ఆక్సైడ్. లెన్సులు చేసే అసలు కంపెనీలూ అదే గ్యాసు వాడతాయి. కాకపోతే ప్లాస్టిక్ ఆ గ్యాసు తాగుతుంది. అందుకని తర్వాత రోజుల తరబడి వేడిగాలిలో ఆరబెట్టి, మొత్తం వదిలిందని పరీక్ష చేశాకే బయటికి పంపుతాయి. మీవాళ్లు లూజు లెన్సులు చవగ్గా కొన్నారు. పసుపు ప్యాకెట్లు అతికించే మిషను మీదే అతికించారు. మిరియాల బస్తాల మధ్య పెట్టి గ్యాసు కొట్టించారు. సరిగ్గా ఆరబెట్టుంటే ఆ రాత్రి ఆ హాల్లో కప్పలు అరిచేవి కాదు. లెన్సు తాగినదంతా కళ్లలో కక్కింది."

వరహాలరావు పెరటి గట్టు మీద కూలబడి, శుభ్రంగా ఉన్న చేతిని కూడా ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు.

"బెటాడిన్ అన్నారు," అంది బిందు. "నేనింకా కవరు తిప్పలేదు. మీకు కనిపించింది వట్టి కాగితం. లోపల మరక ఉందని మీకెలా తెలుసు? ఇలాంటి కవరు ఇంకోటి చూశారు. ఎక్కడ?"

"పొద్దున్న, అరకు ఆసుపత్రిలో." ఆయన గొంతులోంచి పోలీసు దిగిపోయాడు. "మా అమ్మ పైటకి ఎట్టేరు."

"ఏంటీ?"

"అసిరమ్మ, మా అమ్మ. ధర్మతేజ గారు అన్నారు, నీకు కాకపోతే ఎవలికి సేస్తాం రావుగారూ, ఫారిన్ లెన్సు, లిస్టులో మొదటి పేరు మీ అమ్మదే అని. కవర్లో పచ్చగా ఉంటే అమ్మ కళ్లకద్దుకుంది. పసుపురా, శుభం అంది. నాను నవ్వి, బెటాడినే అమ్మా అన్నాను."

బిందు దగ్గర ఆయన కోసం దాచిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. పసరు సీసా గురించి ఒకటి, కొండోళ్ల గురించి రెండు. అవన్నీ అసహ్యంతో కలిపి మింగేసింది.

"రెండింటికి కదా? లేవండి. టైముంది."

బిందు కవరుని భుజం సంచీలో పెట్టుకుంది. ఒకర్నొకరు తోసుకుంటూ కొండ దిగారు. దారి పొడుగునా ఆయన సెల్‌ఫోను తీసి చూస్తూనే ఉన్నాడు, ఏ మలుపులోనైనా దానికి ప్రాణం వస్తుందేమోనని. అనంతగిరిలో ఎస్టీడీ బూతులోకి ఇద్దరూ ఒకేసారి దూరారు. చెక్క తలుపు దానంతటదే మూసుకుంది. లోపల పనస వాసన, చెమట వాసన.

అవతల ఎత్తింది నర్సు రాజకుమారి. ఆ పిల్ల గొంతు బిందుకి కూడా వినిపిస్తోంది.

"సార్, మధ్యాన్నం కరెంటు కోతని పొద్దున్నే మొదలెట్టీసేమండి. అమ్మగారిది బేగి అయిపోనాది. ఏం బెంగెట్టుకోకండి."

వరహాలరావు రిసీవరు చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"తర్వాత ఎవరో అడగండి," అంది బిందు.

"తరవాత... ఎవులు?"

"సోంబరండి. బల్లెక్కించేం. మత్తు సూది ఇస్తన్నారు."

బిందు రిసీవరు లాక్కోబోయింది. ఆయన ఇవ్వలేదు. ఊపిరి పీల్చుకున్నాడు. పాతికేళ్లు స్టేషన్లని వణికించిన గొంతు ఎక్కణ్ణుంచో లేచొచ్చింది.

"ఆపు. ఆ ముసిలోణ్ణి దింపు. ఆ సరుకు ఇంకొకడి కంట్లో పడిందంటే నువ్వూ మీ డాక్టరూ ఈ రేత్రి లాకప్పులో పడుకుంటారు. దింపు ముందు!"

అవతల చెప్పుల చప్పుడు, పళ్లెం పడ్డ చప్పుడు, ఎవరో కసురుకోవడం. చాలాసేపటికి రాజకుమారి వణుకుతూ లైనులోకి వచ్చింది. "దింపీసేం సార్. కూకోబెట్టేం."

బిందు బూతు గోడకి జారబడింది. ఒక కన్ను మిగిలింది, సోంబరుది.

"అమ్మని పిలు," అన్నాడు వరహాలరావు.

"నాన్నా, వరాలూ!" ముసలి గొంతు, మహా హుషారు. "ఏటీ తెలీనేదురా. సీమ కుట్టినట్టైనా నేదు. ఉత్తినే బయపడ్డాను."

ఆయన రిసీవరుని చేత్తో మూసి బిందు వైపు తిరిగాడు. "మత్తు ఎంతసేపుంటాది?"

"సాయంత్రం దాకా ఉండొచ్చు. అది దిగేలోపు విశాఖ పెద్దాసుపత్రికి చేర్చి లెన్సు తీయిస్తే కన్ను దక్కొచ్చు. ఇప్పుడే బయల్దేరాలి."

"అమ్మా, కదలకు. నానొస్తన్నాను. ఇంటికెల్దాం."

"ఇంటికెందుకురా? ధర్మతేజ బాబు నా పక్కనే కూకున్నాడు. ఎంత మంచోడో! ఆ సోంబరుగాడు దిగిపోనాడు గదా, బల్ల కాళీగుంది, రెండో కన్ను కూడా ఇప్పుడే సేయించీసుకో పెద్దమ్మా అంతన్నాడు. ఇదిగో, నీతో మాట్లాడతాడంట."

గొంతు మారింది. మెత్తటి గొంతు.

"రావుగారూ, మన నర్స్ పాపని అలా భయపెట్టేశారేంటండీ. లెక్కలో తగ్గింది ఆ సోములమ్మ కవరు ఒక్కటే. అది దొరికినట్టుంది. మంచిదే. పక్కన ఆ డిటెక్టివ్ అమ్మాయి ఉందా? ఏం మాట్లాడకండి, వినండి చాలు. కవరు మీరే స్వయంగా తెచ్చి నా చేతికివ్వండి. అమ్మగారిని మీ చేతుల్లో పెడతాను, మీ ఇష్టం వచ్చిన ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరొచ్చేదాకా ఆవిడ రెండో కన్ను నేను చూసుకుంటాను."

లైను కట్టయ్యింది.

వరహాలరావు రిసీవరు నెమ్మదిగా కొక్కేనికి తగిలించాడు. తిరిగాడు. ఆయన చూపు బిందు మొహం మీద లేదు. ఆమె భుజానికున్న సంచీ మీద ఉంది.

"తల్లీ," అన్నాడు, "అదిలాగిచ్చీ."

బూతు తలుపు ఆయన వీపు వెనక ఉంది.